ఖాళీగా వదిలిన ఏడు నిమిషాలు

నా పని గొంతు అరువివ్వడం.
ఇటు మాట అటు, అటు మాట ఇటు,
నడుమ నాదంటూ ఒక్క ముక్క ఉండకూడదు.
ఉలాన్‌బాతర్‌లో ఆ జనవరి ఉదయం
కిటికీ అద్దానికి లోపలివైపు కూడా మంచు పట్టింది.
బల్లకు ఈ పక్క మావాళ్ళు ఐదుగురు,
ఆ పక్క ప్రాగ్ నుంచి వచ్చిన నలుగురు,
మధ్యలో పద్నాలుగు షరతుల ఒప్పందం,
ఎవరూ ముట్టని బిస్కెట్లు.

నాలుగో షరతు దగ్గర బండి దిగబడింది.
తోళ్ళ కర్మాగారం, పాత అప్పు, దాని మీద వడ్డీ.
"పరిశీలిస్తాం" అన్నారు వాళ్ళు.
"గమనించాం" అన్నారు మావాళ్ళు.
ఏ భాషలోకి మార్చినా రెండింటికీ అర్థం "కాదు" అనే.
పద్నాలుగోది విద్యార్థుల మార్పిడి,
ఏడాదికి పన్నెండు మంది.
దాని మీద అప్పటికే ఒక పెన్సిల్ గీత.
అన్నిటికంటే చవకైనది కదా,
కత్తికి ముందు దాని మెడే దొరుకుతుంది.

అప్పుడు వ్లాస్తిమిల్ కాగితాల్లోంచి తలెత్తాడు.
ఎదుటి పేరు పలక వైపు చూశాడు,
పలక వెనక మనిషి వైపు చాలాసేపు చూశాడు.
నా వైపు తిరగకుండానే, చెక్‌లో, అడిగాడు:
"దెంబెరెల్, ఆ బకెట్ ఏమైంది?"

నేను నోరు తెరిచాను. అవసరం లేకపోయింది.
మా ఉపమంత్రి,
ఆవులింతనైనా నాచేత అనువాదం చేయించే మనిషి,
బ్ర్నో ట్రాముల యాసలో అన్నాడు:
"మీ అమ్మకు చెప్పలేదు గదా?"

ఎనభై ఒకటి, డిసెంబరు.
హాస్టల్‌కు సెలవులిస్తే
పాని హెద్వికా ఇంటికి అతిథిగా వచ్చాడు
తోళ్ళ శుద్ధి నేర్చుకుంటున్న పందొమ్మిదేళ్ళ కుర్రాడు.
స్నానాల తొట్టిలో పండగ కోసం కొన్న కార్ప్ చేప.
మూడు పొద్దులు దాని ఎదుటే పళ్ళు తోముకున్నాడు.
అది చూస్తూనే ఉంది.
రెప్ప వేయనివి రెండే కదా,
దేవుళ్ళూ చేపలూ.

అప్పటికి అతనికొచ్చిన చెక్ మాటలు నలభై.
వాటిలో "జాలి" లేదు.
ఏడేళ్ళ వ్లాస్తిమిల్‌ని తట్టి లేపి
తొట్టి చూపించాడు, కిటికీ చూపించాడు,
"నది" అన్నాడు.
చాలింది.

తెల్లారకముందే తొలి ట్రాము.
బకెట్‌కు చెరో పక్కా చెయ్యేసి,
మెట్ల మీద నీళ్ళు తొణికి, మేజోళ్ళు తడిసి,
టికెట్లు చూసే ముసలాయన
ఒకసారి బకెట్‌లోకి, ఒకసారి వీళ్ళ మొహాల్లోకి చూసి
మూడో ప్రయాణికుడి టికెట్ అడగలేదు.
స్వ్రత్కా ఒడ్డున మంచు పెంకును మడమతో పగలగొట్టారు.
అది వెళ్ళింది. వెనక్కి చూడలేదు.

ఆ రాత్రి హెద్వికా ఖాళీ తొట్టి చూసింది,
పొయ్యి పక్కన ఆరుతున్న రెండు జతల మేజోళ్ళు చూసింది.
ఏమీ అడగలేదు.
బంగాళాదుంపల సలాడ్ ఇంకో గరిటె
అతిథి పళ్ళెంలో వేసింది.

"బకెట్ మా ఇంట్లోనే ఉంది" అన్నాడు దెంబెరెల్.
"తిరిగివ్వడానికి మొహం చెల్లలేదు.
పుస్తకాలు నింపుకుని రైలెక్కాను.
ఇప్పుడు మా ఆవిడ బొగ్గు మోస్తోంది."
అవతలి మనిషి కళ్ళజోడు తీసి
తుడవక్కర్లేని అద్దాలు తుడుచుకున్నాడు.

అద్భుతాలేం జరగలేదు.
నాలుగో షరతు వేసవి దాకా తేలలేదు,
వడ్డీ వడ్డీలాగే ఉంది.
పెన్సిల్ గీతను మాత్రం ఎవరో చెరిపేశారు.
ఎవరో నేను చూడలేదు,
బల్ల మీద రబ్బరు పొట్టు చూశాను.

నివేదికలో "స్నేహపూర్వక వాతావరణంలో" అని రాయమన్నారు.
రాశాను.
ఏడు నిమిషాలు ఖాళీగా వదిలాను.

ఈ సెప్టెంబరులో మళ్ళీ పన్నెండు మంది.
వీసా వరుసలో ఖొవ్ద్ పిల్ల ఒకతె అడిగింది:
"ఏం సర్దుకోవాలి అక్కా?"
ఉన్ని మేజోళ్ళు, అన్నాను.
రెండు జతలు పెట్టుకో.
తడుస్తాయి.